తెలుగునాట రోమన్ వెండి: రాని నాణేల సాక్ష్యం

రోమన్ సామ్రాజ్యమంతటా ఒకే వెండి నాణెం నడిచిందనుకోవడం పొరపాటు. రోములోనూ, గాల్ దేశపు లుగ్దునంలోనూ, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్‌లోనూ, చక్రవర్తి పేరు మీద ముద్రించిన దెనారియస్ ఒక ఎత్తు. గ్రీకు మాట్లాడే తూర్పు రాష్ట్రాలు రోముకు లొంగాక కూడా తమ పాత తూకాలనూ పాత పేర్లనూ వదలకుండా నడుపుకున్న నాణేలు మరో ఎత్తు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా టంకశాల నాలుగు ద్రాక్మాల నాణెం ముద్రించేది. సిరియాలో అంతియొకయ టంకశాలది కూడా అదే విలువ నాణెం, తూకమూ వెండీ వేరు. కప్పడోకియాలోని కైసరియ నాణేల బొరుసు మీద అర్గేయస్ కొండ కనిపిస్తుంది. ఆసియా మైనర్ నగరాల సిస్టోఫొరస్ ఒక్కటి మూడు దెనారియస్‌లకు సమానం. నబటేయన్ రాజ్యాన్ని క్రీ.శ. 106లో కలుపుకున్నాక ట్రాజన్ అరేబియా రాష్ట్రం కోసం ముద్రించిన ద్రాక్మాల మీద ఒంటె ఉంటుంది. వీటన్నిటినీ కలిపి రోమన్ ప్రాంతీయ నాణేలంటారు. వాటిని ఒక క్రమంలో పెట్టే మహా జాబితా మొదటి సంపుటం 1992లో బర్నెట్, అమాండ్రి, రిపొయెస్ అనే ముగ్గురు పండితుల కృషితో వెలువడింది. అంతకుముందు ఈ నాణేలను గ్రీకు నాణేల పెట్టెలో చివరన పడేసేవాళ్ళు. ఇవాళ అవే ఒక ప్రత్యేక సేకరణ రంగం.

ఈ రంగాన్ని కొయ్యూరు నుంచి చూడడం వింతగా అనిపించవచ్చు. కొయ్యూరంటే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన చోటు. నాణేల శాస్త్రంలో దాని పేరు వినపడదు. రోమన్ నాణేలు దొరికిన ఊళ్ళ జాబితాల్లోనూ లేదు. కానీ పటం మీద దాని స్థానం ఆసక్తికరమైనది. కొండ దిగితే నర్సీపట్నం మైదానం, ఇంకా ముందుకు పోతే అనకాపల్లి దగ్గర శంకరం కొండల మీది బౌద్ధారామం, ఆ పైన విశాఖ–భీమిలి తీరంలో తొట్లకొండ, బావికొండ. తొట్లకొండలో 1988 నుంచి కొన్నేళ్ళపాటు జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు తొమ్మిదీ, రోమన్ వెండి నాణేలు అయిదూ బయటపడ్డాయి. మరోవైపు, తూర్పు కనుమల వెనక కోరాపుట్ జిల్లాలోని గుమడలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. తీరంలో వెండి, కొండల వెనక బంగారం, మధ్యలో మన్యం. ఇక్కడి నుంచి చూస్తే ఒక ప్రశ్న సూటిగా ఎదురవుతుంది: తెలుగు నేలకు వచ్చిన రోమన్ వెండి ఏది, రానిది ఏది, ఎందుకు రాలేదు? ఈ వ్యాసం వాదన ఇది: వచ్చినది దాదాపుగా దెనారియస్ ఒక్కటే. ప్రాంతీయ వెండి రాలేదు. రాకపోవడం యాదృచ్ఛికం కాదు, ఆ వెండిని తీసుకున్నవాళ్ళు ఎంచుకున్న ఫలితం. ఈ సంగతి తెలియని సేకరణకర్త తప్పుడు కథతో అమ్మిన నాణేన్ని నిజమైన ధరకు కొంటాడు.

ముందు వచ్చినవాటి సంగతి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన రాశిలో 1,531 రోమన్ వెండి నాణేలున్నాయి. మన దేశంలో దొరికిన దెనారియస్ రాశుల్లో ఇది అతి పెద్దవాటిలో ఒకటి. అవి అగస్టస్, టైబీరియస్ అనే ఇద్దరు చక్రవర్తుల కాలానివి. పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద రాసిన పుస్తకాన్ని 1965లో హైదరాబాద్ ప్రభుత్వ మ్యూజియం గ్రంథమాలలో వేశారు. ఈ రాశి గురించి మాట్లాడే ఎవరైనా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తెలంగాణలోని పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేలున్న పొరల్లోనే రోమన్ వెండి కనిపించింది. తమిళనాడులోని వెల్లలూరు, బుదినాథం, కర్ణాటకలోని యశ్వంతపుర రాశులదీ ఇదే తీరు. ఇద్దరు చక్రవర్తులే కాదు, ఎక్కువ భాగం రెండే రకాలు. ఒకదాని మీద బొమ్మ వైపు అగస్టస్ తల, బొరుసు మీద అతని మనవళ్ళు గయస్, లూషియస్ డాలులు, ఈటెలు పట్టుకుని నిలబడి ఉంటారు. రెండోదాని మీద టైబీరియస్ తల, వెనక రాజదండంతో కూర్చున్న స్త్రీ. రెండూ లుగ్దునం టంకశాలవే. తెలుగు బైబిలు చదివినవాళ్ళకు ‘దేనారము’ తెలుసు. కైసరుకు పన్ను కట్టడం గురించిన కథలో ఆ నాణెం ఈ టైబీరియస్ రకమేనని చాలామంది నమ్ముతారు. రోమన్ టంకశాలలు వందల రకాల దెనారియస్‌లు ముద్రించాయి. అయినా మన కుండల్లో ఈ రెండే ఎక్కువ. సేకరణ అనే మాటను కాస్త విశాలంగా వాడితే, తెలుగు నేల మీద రోమన్ వెండిని మొట్టమొదట సేకరించినవాడు రెండువేల ఏళ్ళ కిందటి వర్తకుడు. అతని అభిరుచి చాలా ఇరుకైనది.

అంత వెండి ఎందుకొచ్చిందో మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. ప్రతి ఏటా భారతదేశం సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తున్నదని ఒకచోటా, భారతదేశం, చైనా, అరేబియా కలిసి 10 కోట్లు లాగుతున్నాయని మరోచోటా ఫిర్యాదు చేశాడు. నాలుగు సెస్టర్సులు ఒక దెనారియస్ కాబట్టి మొదటి లెక్క కోటీ పాతిక లక్షల దెనారియస్‌లకు సమానం. ఇందులో నీతిబోధ పాలు ఎంతో తీసేసినా, వ్యాపారం పెద్దదే. ఎర్రసముద్రపు నావికుడి చేతిపుస్తకం పెరిప్లస్ మసాలియా అనే తీరప్రాంతం పొడవుగా సాగుతుందనీ, అక్కడ నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయనీ రాసింది. అది కృష్ణా ముఖద్వారం చుట్టూ ఉన్న తెలుగు తీరమే. అదే పుస్తకం పడమటి తీరపు రేవు భరుకచ్ఛంలో రోమన్ బంగారు, వెండి దెనారియస్‌లను స్థానిక నాణేలతో మారిస్తే లాభం వస్తుందని కూడా చెప్పింది. ఇక్కడొక చిన్న ప్రలోభం ఉంది. ప్లినీ పిప్పళ్ళ ధర రాత్తలుకు 15 దెనారియస్‌లని రాశాడు. మిరియాలకు నాలుగే. ఇవాళ చింతపల్లి, కొయ్యూరు మన్యంలో పిప్పలి పండుతోంది కాబట్టి రోము వెండి ఈ కొండలకే వచ్చిందని ఎవరైనా కథ అల్లవచ్చు. అంత దూకుడు పనికిరాదు. పెరిప్లస్ పిప్పళ్ళ ఎగుమతిని పడమటి తీరంలోని భరుకచ్ఛానికే కట్టింది. ఇవాళ్టి పంట రెండువేల ఏళ్ళ కిందటి వ్యాపారానికి సాక్షి కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ వ్యాపారం చాలావరకు ఈజిప్టు మీదుగా నడిచింది. ఓడలు ఎర్రసముద్రం రేవుల నుంచి బయల్దేరేవి. సరుకు నైలు మీద అలెగ్జాండ్రియాకు చేరేది. పెట్టుబడి పెట్టినవాళ్ళలో అలెగ్జాండ్రియావాళ్ళు ఎందరో. కేరళ తీరపు ముచిరి రేవు ఓడ అప్పుపత్రంగా పేరొందిన రెండో శతాబ్దపు పపైరస్‌లో సరుకు విలువ కట్టింది ఈజిప్టు ద్రాక్మాల లెక్కలోనే. ఈజిప్టులో మరే నాణెమూ చెలామణీ కాదు. రోమన్లకు ముందు ఈజిప్టును ఏలిన టోలెమీల కాలం నుంచీ అక్కడ బయటి నాణేన్ని మార్చుకుని లోపలి నాణెం తీసుకోవాల్సిందే. రోమన్లు కూడా ఆ గోడను కూల్చలేదు. టైబీరియస్ ఏడో పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 20–21లో, అలెగ్జాండ్రియా నాలుగు ద్రాక్మాల నాణెం ముద్రణ మళ్ళీ మొదలైంది. డయోక్లెషియన్ 296లో తన సంస్కరణతో దాన్ని ఆపేదాకా అది నడిచింది. అంటే భారతదేశానికి పోయే ఓడ ఎక్కే ముందు వర్తకుడి చుట్టూ ఉన్నది ప్రాంతీయ వెండి. ఓడలోకి ఎక్కింది మాత్రం దెనారియస్. రేవులో దొరికే నాణెం వదిలేసి సముద్రాలవతల లియాన్‌లో ముద్రించిన నాణేన్ని మూటలు కట్టి తెచ్చారంటే, అటువైపు అది కావాలని అడిగినవాళ్ళున్నారన్న మాట.

మొదటి జవాబు సులువుగానే దొరుకుతుంది: అలెగ్జాండ్రియా నాణెంలో వెండి తక్కువ. పదమూడు గ్రాముల బరువున్నా సగానికి పైగా రాగే. ఈజిప్టు లోపల ప్రభుత్వం మాట మీద అది ఒక దెనారియస్‌కు సమానంగా చెల్లింది. ఎల్లలు దాటితే ఆ మాటకు విలువ లేదు. గీటురాయి మీద గీసి చూసే శరాబుకు చక్రవర్తి ఆజ్ఞతో పనేముంది? అగస్టస్, టైబీరియస్‌ల దెనారియస్ దాదాపు స్వచ్ఛమైన వెండి, రాత్తలుకు 84 లెక్కన. క్రీ.శ. 64లో నీరో దాన్ని రాత్తలుకు 96కు తగ్గించాడు, వెండి శాతమూ తగ్గించాడు. మన రాశుల్లో నీరో తరవాతి దెనారియస్‌లు అరుదు కావడానికి దీన్నే కారణంగా చెబుతారు. బంగారం మాత్రం ఆగలేదు. నంద్యాల రాశిలోని 52 బంగారు నాణేలు టైబీరియస్ నుంచి అంటొనైనస్ పియస్ దాకా సాగుతాయి. వినుకొండ రాశి కరకల్లా దాకా, అంటే మూడో శతాబ్దపు మొదటి పాదం దాకా వస్తుంది. కాబట్టి వ్యాపారం ఆగిపోయి వెండి రాకపోలేదు. వ్యాపారం సాగుతూనే ఉంది. వెండిని తిప్పికొట్టారు, లేదా పంపేవాళ్ళే చెల్లదని తెలిసి పంపడం మానేశారు.

అయితే స్వచ్ఛత ఒక్కదానితో మొత్తం తేలదు. చాలామంది రచయితలు ఇక్కడే తొందరపడి ముగిస్తారు. తూరు నగరం క్రీ.పూ. 126 నుంచి క్రీ.శ. 65 ప్రాంతం దాకా ముద్రించిన షెకెల్ పద్నాలుగు గ్రాముల మేలిమి వెండి. యెరూషలేము ఆలయపు పన్ను కట్టడానికి దాన్నే ఎంచుకున్నారు. సిరియా తీరం నుంచి ఎర్రసముద్రానికి దారి ఉంది. వెండిని కేవలం లోహంగా తూచి తీసుకునేవాళ్ళకు తూరు షెకెల్ దెనారియస్‌కంటే ఏ విధంగానూ తక్కువ కాదు, పైగా ఒక్కోటీ బరువైనది కాబట్టి లెక్కించడం తేలిక. అయినా అక్కన్‌పల్లి కుండలో అది లేదు. సిస్టోఫొరస్ లేదు. కైసరియ ద్రాక్మా లేదు. అంటే ఇక్కడివాళ్ళు వెండిని తూచడమే కాదు, ముఖం చూసి కూడా తీసుకున్నారు. ప్లినీయే దీనికి ఒక సాక్ష్యమిచ్చాడు. శ్రీలంకకు కొట్టుకుపోయిన ఒక రోమన్ బానిసవిముక్తుడి దగ్గరున్న దెనారియస్‌లను చూసి, వేర్వేరు చక్రవర్తుల బొమ్మలున్నా అన్నీ ఒకే తూకం ఉన్నాయని అక్కడి రాజు ఆశ్చర్యపోయాడట. కథలో కల్పన ఎంతైనా ఉండవచ్చు, దాని అడుగున ఉన్న గమనిక నిజమైనది: దెనారియస్‌కున్న బలం దాని ఏకరూపత. తూర్పు రాష్ట్రాల వెండి ఊరికో తూకం, ఊరికో స్వచ్ఛత. ప్రతిదాన్నీ విడిగా పరీక్షించాలి. గయస్–లూషియస్ నాణెం అలా కాదు. ఒకదాన్ని గీసి చూస్తే వందను నమ్మవచ్చు. జర్మన్ తెగలు కూడా రోమన్ వెండిలో తమకు అలవాటైన పాత రకాలనే కోరుకున్నాయని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. సరిహద్దు అవతల ప్రజలు ఇలా ప్రవర్తించడం ఒక్క మన దేశపు వింత కాదు.

ఈ ప్రవర్తన ఎలాంటిదో తెలియడానికి మన్యం సంతను చూస్తే చాలు. అరకు, పాడేరు, కొయ్యూరు కొండల్లో పెద్దవయసు స్త్రీల మెడలో పాత రూపాయలు, అర్ధ రూపాయలు, పావలాలు గుచ్చిన దండలు కనిపిస్తాయి. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి తలలు వరసగా వేలాడతాయి. ఆ తలల మీద భక్తితో ఎవరూ వాటిని ధరించలేదు. రూపాయికి 11.66 గ్రాముల బరువు, పన్నెండింట పదకొండు వంతుల వెండి అన్న నమ్మకం ఆ తలల్లో ఉంది. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది, 1941లో విక్టోరియా రూపాయిని చెలామణీ నుంచి తప్పించింది. దేశమంతటా జనం పాత రూపాయిని దాచి కొత్తదాన్ని ఖర్చు పెట్టారు. నీరో చేసిన పనికీ దీనికీ తేడా ఏలిక పేరులోనే ఉంది. ముఖం ఒక హామీపత్రం. ఆ ముఖం ఎవరిదన్నది ఆ తరవాతి మాట. ఇదే తర్కం ముందుకు తీసుకుపోతే మన దేశంలో ఈ రెండు దెనారియస్ రకాలకే నకళ్ళు ఎందుకు తయారయ్యాయో కూడా అర్థమవుతుంది. అక్షరాలు తెలియని చేతులు లాటిన్ రాతను గీతలుగా మార్చి, బొమ్మను మాత్రం గుర్తుపట్టేలా చెక్కాయి. ఎవరూ నమ్మని ముఖానికి నకలు ఎవరు చేస్తారు?

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రాంతీయ వెండి వచ్చి ఉండవచ్చు, వచ్చినదంతా కరిగిపోయి ఉండవచ్చు కదా? కంసాలి మూసలో పడ్డ నాణెం ఏ జాబితాకూ ఎక్కదు. శాతవాహనులు గౌతమీపుత్ర శాతకర్ణి కాలం నుంచి రాజు తల ఉన్న చిన్న వెండి నాణేలు ముద్రించారు. దక్కనులో వెండి గనులు చెప్పుకోదగ్గవి లేవు కాబట్టి ఆ వెండిలో కొంత రోమ్ నుంచి వచ్చి ఉండాలన్న ఊహ సమంజసమే. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో బయటపడ్డ క్షత్రప రాజు నహపానుడి పదమూడు వేలకు పైచిలుకు వెండి నాణేల్లో తొమ్మిది వేలకు పైగా గౌతమీపుత్రుడి ముద్రను మళ్ళీ మోస్తున్నాయి. పరాయి వెండిని సొంతం చేసుకునే అలవాటు ఇక్కడ గట్టిగానే ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయినా ఈ అభ్యంతరం పూర్తిగా నిలవదు. మూసకు దెనారియస్ అయినా షెకెల్ అయినా ఒకటే. కరిగించడమే కారణమైతే రెండూ సమానంగా తగ్గాలి. ఒకటి వేలల్లో మిగిలి మరొకటి రాశుల్లో కనిపించకుండా పోదు. నాసిరకాన్ని ముందు కరిగించి మేలిరకాన్ని దాచారంటే, అది మళ్ళీ ఎంపిక ఉందని ఒప్పుకోవడమే. అక్కన్‌పల్లి నాణేల మీద కనిపించే చిన్న చిన్న గుర్తులు కూడా ఇటే చూపుతాయి. విద్ధాంక నాణేల (ముద్రలు గుద్దిన పాత వెండి బిళ్ళల) మీద శరాబులు కొట్టే పరీక్ష ముద్రల వంటివి ఇవి. కరిగించదలచినదాన్ని పరీక్షించి ముద్ర వేసి మళ్ళీ చేతులు మార్చరు. ఆ దెనారియస్‌లు ఇక్కడ డబ్బుగానే తిరిగాయి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల నాగార్జునకొండలో మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యపు స్తంభానికి 170 దీనారి మాషకాలు దానమిచ్చినట్టు శాసనముంది. వెండి రాక సన్నగిల్లి తరాలు గడిచాక కూడా దెనారియస్ పేరు దానపు లెక్కల్లో బతికే ఉంది.

రెండో అభ్యంతరం తమిళనాడు నుంచి వస్తుంది. కరూరులో అమరావతి నది ఇసుకలో ఫినీషియా, సెల్యూకిడ్ రాజ్యం, రోడ్స్ వంటి చోట్ల నాణేలు దొరికాయి. దినమలర్ సంపాదకుడిగా ఉన్న ఆర్. కృష్ణమూర్తి వాటిని సేకరించి, గుర్తించి, పుస్తకంగా ప్రచురించారు. అంటే తూర్పు మధ్యధరా నాణేలు దక్షిణానికి రాలేదనడం తప్పు కదా? వచ్చాయి. అయితే ఎలా వచ్చాయన్నది వేరే సంగతి. ఆ దొరికినవాటిలో ఎక్కువ భాగం చిన్న రాగి బిళ్ళలు, ఒకటీ రెండూగా, నది ఇసుకలో నుంచి వెతికేవాళ్ళ చేతులమీదుగా వచ్చినవి. నావికుడి సంచిలో, యాత్రికుడి మొలలో మిగిలిపోయిన చిల్లర అలాగే ఉంటుంది. సరుకుకు చెల్లించిన వెండి కుండల్లో దొరుకుతుంది. కరూరు నాణేలు మనుషులు వచ్చారని చెబుతాయి. అక్కన్‌పల్లి కుండ ఏ వెండితో బేరం జరిగిందో చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలనూ ఒకే తక్కెడలో వేయకూడదు. కరూరు సేకరణ విలువను నేను తగ్గించడం లేదు. ఆయన వాటిని సేకరించి ఉండకపోతే అవి తుక్కు రాగిగా పోయేవి.

మూడోది కొయ్యూరు వైపు నుంచే వచ్చే అభ్యంతరం: అడవిలో ఎవరూ తవ్వలేదు కాబట్టి ఏదీ దొరకలేదు. ఇది న్యాయమైన మాట. రోమన్ రాశుల్లో చాలావరకు నాగలి కొనకో, చెరువు గట్టు తవ్వేవాళ్ళ గునపానికో తగిలినవే. లోతుగా దున్నని కొండవాలు మీద, పోడు కొట్టి చల్లే రాగి, సామ చేలల్లో అటువంటి అవకాశం తక్కువ. కాబట్టి కొయ్యూరులో రోమన్ నాణెం లేకపోవడం నుంచి ఈ కొండలకు వర్తకం తెలియదన్న నిర్ణయానికి రాకూడదు. అలాగే తీరానికీ కోరాపుట్‌కూ మధ్య ఉంది కాబట్టి ఇటుగానే దారి సాగిందనీ చెప్పకూడదు. నా వాదన ఈ ఖాళీ మీద నిలబడలేదు. నిండుగా ఉన్న కుండల్లో ఒక రకం లేకపోవడం మీద నిలబడింది. తవ్వని చోట లేకపోవడం ఒక విషయం, వెయ్యిన్నరకు మించి నాణేలు లెక్కపెట్టిన రాశిలో లేకపోవడం మరో విషయం.

సేకరణకర్తకు దీనివల్ల వచ్చే పని ఏమిటంటే, ఇంట్లో పెట్టె రెండు అరలుగా ఉండాలి. అలెగ్జాండ్రియా నాణేలు గానీ అంతియొకయ నాణేలు గానీ సేకరించదలచినవాడు వాటిని విదేశపు వస్తువులుగానే కొనాలి: ఏ వేలంలో, ఏ ఏడు, ఏ సంఖ్య కింద అమ్ముడైందో చూపే కాగితంతో. ‘గోదావరి ఇసుకలో దొరికింది’, ‘ఏజెన్సీలో పాత ఇంటి గోడలో దొరికింది’ అన్న కథతో ఎవరైనా నాలుగు ద్రాక్మాల నాణెం చూపిస్తే, ఆ కథ ఇప్పటిదాకా ఉన్న సాక్ష్యమంతటికీ ఎదురుగా నిలబడుతుందని గుర్తుంచుకోవాలి. నాణెం అసలుదే కావచ్చు, కథ మాత్రం ధర పెంచడానికి తగిలించిన తోక. ఇక నకళ్ళ సంగతి. పంతొమ్మిదో శతాబ్దపు మొదట్లోనే కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ చెక్కిన అచ్చులు మ్యూజియాలను మోసగించాయి. పోత పోసిన నకలును అంచు చుట్టూ కనిపించే అతుకు గీత, ఉపరితలం మీద గాలిబుడగల గుంటలు పట్టిస్తాయి. మంచి అచ్చుతో ముద్రించిన నకలును పట్టుకోవడం కష్టం. వాడుకలో పడే గీత గానీ దెబ్బ గానీ నాలుగు నాణేల మీద ఒకేలా, ఒకే చోట కనిపిస్తే అనుమానించాలి. పైన వెండి రేకు, లోపల రాగి ఉన్న నాణేలు మాత్రం ప్రాచీనులే చేసిన మోసం. వాటికి చారిత్రక విలువ ఉంది. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంట్లోనే జరుగుతుంది. చింతపండుతోనో ముగ్గుతోనో తోమితే నాణెం మెరుస్తుంది. దాంతో పాటు శరాబు కొట్టిన చిన్న ముద్ర, గీటు, రెండువేల ఏళ్ళ పొర కూడా పోతాయి. పాత వెండి లోపల పెళుసుగా మారి ఉంటుంది కాబట్టి బరువైన నాణెం కూడా కింద పడితే ముక్కలు కావచ్చు.

స్థానికంగా దొరికినదాని విషయంలో చట్టం స్పష్టంగా ఉంది, పాటించేవాళ్ళు తక్కువ. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక కొయ్యూరువాళ్ళకు ఆ కలెక్టరు పాడేరులో ఉన్నారు. నిధికి హక్కుదారులెవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. ఈ చివరి నిబంధనే అసలు లోపం. 1,531 దెనారియస్‌ల లోహపు విలువ ఆరు కిలోలకు లోపు వెండి ధర. సేకరణ మార్కెట్టులో వాటి విలువ దానికి ఎన్నో రెట్లు. 1878లో లెక్క కట్టిన అయిదో వంతు ఈ తేడాను పూడ్చలేదు. అందుకే దొరికినవాడు కలెక్టరు దగ్గరికి కాక వెండి కొట్టుకు పోతాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం వంద ఏళ్ళు దాటిన నాణేన్ని పురావస్తువుగా లెక్కించి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని నిషేధించింది. ఎగుమతిని ఆపింది గానీ, కరిగించడాన్ని ఆపే ప్రోత్సాహం ఇవ్వలేదు. రాత్రిళ్ళు గుప్తనిధుల కోసం గుడులు తవ్వేవాళ్ళ వార్తలు చదివి మనం వాళ్ళనే తిడతాం. నిజాయితీగా అప్పగించిన రైతుకు ఏం దక్కుతుందన్నది ఎవరూ అడగరు. షెడ్యూల్డు ప్రాంతంలో 1970 నాటి భూబదలాయింపు నియంత్రణ వల్ల నేల యజమాని సాధారణంగా గిరిజనుడే కాబట్టి ఆ నష్టం అతని మీదా పడుతుంది.

పురావస్తు పండితుల్లో కొందరు సేకరణనే నేరంగా చూస్తారు: కొనేవాడు ఉన్నందువల్లే తవ్వేవాడు తవ్వుతాడని. వాళ్ళ భయానికి కారణముంది. కానీ చరిత్ర ఆ పక్షానే పూర్తిగా లేదు. ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఇలియట్ దక్షిణాది నాణేలను సేకరించి 1886 నాటి పుస్తకంలో వివరించకపోతే ఆ శాస్త్రానికి ఇక్కడ పునాది పడేది కాదు. మద్రాసు సివిల్ ఉద్యోగి రాబర్ట్ స్యూయెల్ 1904లో భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలను ఊరూరా జాబితా చేశాడు. ఆ జాబితానే ఆధారం చేసుకుని పౌలా టర్నర్ 1989లో కొత్త లెక్క తీసింది. వీళ్ళ పనిలో నిలిచింది నాణేల అందం కాదు, ఏ ఊళ్ళో, దేనితో కలిసి, ఎన్ని అన్న మూడు వివరాలు. ఇలియట్ తరవాత కొన్న ఎన్నో పెట్టెలు ఈ మూడూ లేకుండా చేతులు మారాయి. అవి ఎంత మెరిసినా వాటినుంచి ఈ వ్యాసంలోని ఒక్క వాక్యం కూడా రాయలేం. అందుకే నా మాట: పత్రాలున్న విదేశీ ప్రాంతీయ వెండిని సేకరించడంలో తప్పు లేదు, పైగా దానివల్ల దెనారియస్‌ను పోల్చి చూసే కన్ను వస్తుంది. తెలుగు నేలలో దొరికిన రోమన్ వెండిని, దొరికిన చోటు రాయకుండా ఒక్కటీ కొనకూడదు.

ఈ వాదన తప్పని తేలడానికి పెద్ద కుండ కూడా అక్కర్లేదు. తొట్లకొండ వంటి చోట శాతవాహన సీసపు నాణేలున్న చెక్కుచెదరని పొరలో, పైన శరాబు ముద్ర కొట్టి ఉన్న ఒక్క తూరు షెకెల్ గానీ, ఒక్క కైసరియ ద్రాక్మా గానీ, తవ్వినవాళ్ళ నోటుపుస్తకంలో లోతూ తేదీ సహా నమోదై బయటపడితే చాలు. అప్పుడు ఇక్కడి వర్తకుడు ముఖం చూడలేదనీ, వెండినే చూశాడనీ ఒప్పుకోవాలి. అక్కన్‌పల్లి రాశికి వేరే వివరణ వెతకాలి. అటువంటి నాణెం దుకాణం పెట్టెలో ఎన్ని కనిపించినా ఆ పని చేయలేవు.